తువ్వాల కింద చెప్పాల్సిన మాట

కొనబోయే వస్తువు గురించి అంతగా ఆరా తీసినవాడు మా వీధిలో నాకు ముందు లేడు, నా తర్వాతా లేడు. వస్తువేమో సైకిలు. సైకిలు కూడా కాదు, చక్రాలూ చైనూ లేని ఒట్టి ఫ్రేము. అదీ ఎవరో తొక్కి వదిలేసింది. మా ఆవిడ చూసి చూసి ఒకరోజు అననే అన్నది: "పెండ్లికూతురి గురించి కూడా ఇన్ని ఆరాలు తీయలేదు కదా మీరు. నన్నయితే ఒక్క చూపుకే ఒప్పుకుంటిరి."

అది రెండు వేల పదికి కాస్త ముందు కాలం. హిందూపురంలో నాకొక కంప్యూటర్ సెంటర్ ఉండేది. పొద్దున పిల్లలకు పాఠాలు చెప్పి, వాళ్లు అన్నానికి పోగానే అవే కంప్యూటర్ల ముందు కూర్చుని కార్బన్ ఫైబర్ ఫ్రేముల గురించి చదివేవాణ్ణి. కార్బన్ ఫైబర్ అంటే నల్లటి దారాల బట్ట. దాన్ని జిగురులో తడిపి, పొర మీద పొర వేసి, అచ్చులో కాల్చి గొట్టాలు చేస్తారు. ఫ్రేము మొత్తాన్ని రెండు వేళ్లతో ఎత్తొచ్చు. అయితే దానికో చెడ్డ గుణం ఉంది. ఇనుము దెబ్బ తింటే వంగుతుంది, సొట్ట పడుతుంది, తన బాధ తాను చెప్పుకుంటుంది. కార్బన్ చెప్పదు. పైకి నున్నగానే ఉండి లోపల పొరలు విడిపోతాయి. ఒకరోజు కొండ దిగుతుంటే పుటుక్కుమంటుంది. మెడలు విరిగినవాళ్ల కథలు నెట్‌లో ఎన్ని చదివానో! చదివేకొద్దీ భయం పెరిగింది, దాంతో పాటు ఆశా పెరిగింది.

ఆశకు కారణం ఉంది. తొంభైల్లో హిందూపురంలో గది తీసుకుని డిగ్రీ చదివేటప్పుడు, శనివారం సాయంత్రం మా నాయన పాత సైకిలు మీద పెనుకొండలోని మా ఇంటికి పోయేవాణ్ణి. గొర్రెపిల్లల్ని కట్టుకుని సంతలు తిరిగిన సైకిలు అది, దున్నపోతు బరువు. ఎదురుగాలి కొడితే తొక్కినంతా వెనక్కే పోతున్నట్టుండేది. ఆ దోవలో ఒక్కసారైనా తేలిక సైకిలు మీద పోవాలని అప్పుడు పుట్టిన కోరిక, నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చినా చావలేదు.

మా నాయన సంగతి ఇక్కడ చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మాది తాతల కాలంలో దూది ఏకిన ఇల్లు. పరుపులు అంగళ్లలో తయారుగా దొరకడం మొదలయ్యాక నాయన గొర్రెల దళారీ అయ్యాడు. సంతలో బేరం నోటితో జరగదు. దళారి తన చేతి మీద తువ్వాల కప్పుకుని, దాని కింద అమ్మేవాడి చెయ్యి పట్టుకుంటాడు. ధర వేళ్ల మీదే నడుస్తుంది. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఎవరికీ ఏమీ తెలియదు.

నాయనకు ఇంకొక పద్ధతి ఉండేది. జీవంలో, అంటే గొర్రెలోనో మేకలోనో, లోపం కనిపిస్తే పెదవి విప్పడు. తువ్వాల కింద అమ్మేవాడి చిటికెన వేలు మడుస్తాడు. ఆ మనిషికి అర్థమవుతుంది. "ఈ పొద్దు అమ్మేది లేదులేప్పా" అని జీవాన్ని తోలుకుని ఇంటికి పోతాడు. రోగముంటే దానికి మందు పోస్తాడు, లేకుంటే వచ్చే సంతకు మళ్లీ తెస్తాడు. అదే లోపాన్ని అందరి ముందు అంటే ఆ జీవాన్ని ఇక ఎవరూ కొనరు. అది నిజమా, అబద్ధమా అని అడిగే ఓపిక కూడా సంతలో ఎవరికీ ఉండదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, సంతలో అయితే ఇంకా తొందరగా దాటుతుంది.

డిగ్రీ సెలవుల్లో ఒకసారి నాయన వెంట కొత్తచెరువు సంతకు పోయాను. ఒక ఆడమనిషి తెచ్చిన గొర్రె ఆగకుండా దగ్గుతోంది. నాయన దాని నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు. నేను పక్కన నిలబడి, చదువుకున్నవాణ్ణి కదా, "నాయనా, దీనికి ఊపిరితిత్తుల్లో రోగముండాది" అన్నాను, నలుగురికీ వినబడేట్టు. చేరుతున్న బేరగాళ్లు చేరినట్టే పక్కకు తప్పుకున్నారు. నాయన నావైపు చూడలేదు. తువ్వాల భుజాన వేసుకుని, ఆమె అడిగిన ధరకు, వేలు కూడా తాకకుండా, ఆ గొర్రెను కొనేశాడు.

తిరిగి వస్తూ ఒకే మాట అన్నాడు: "నోరు పారేసుకున్నోడే కొనాల. అది బేరం గాదు, జరిమానా."

ఆ గొర్రెకు రోగమూ లేదు, పాడూ లేదు. అది సంత దుమ్ముకు దగ్గిందట. మా దొడ్లో ఏళ్ల తరబడి ఈనింది. ఈనినప్పుడల్లా నాయన, "నీ రోగపు గొర్రె మళ్లా ఈనిందబ్బా" అని ఎత్తిపొడిచేవాడు. నేను నవ్వేవాణ్ణి. నవ్వడం వచ్చింది గానీ నేర్చుకోవడం రాలేదు.

బెంగళూరు సైకిలు మిత్రులు నడిపే వెబ్‌సైటులో ఒకరోజు పాత ఫ్రేముల ప్రకటనలు చూస్తుంటే 'ధర్మవరం' అని కనిపించింది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. కార్బన్ ఫ్రేము, మన ధర్మవరంలో! ఫోన్ చేశాను. ఎత్తినతను చేనేత కార్మికుడు, నాకంటే కొన్నేళ్లు చిన్న. పెళ్లికి ముందు సైకిలు పందేలకు బెంగళూరు పోయి వచ్చేవాడట. అక్కడొక పెద్దమనిషి పందేలు మానుకుంటూ, బాగా తొక్కుతున్నావని తన ఫ్రేమును ఇతనికి ఇచ్చి పోయాడు. ప్రకటన ఆ బెంగళూరు స్నేహితులే పెట్టారు.

"ఎందుకు అమ్ముతున్నావు తమ్ముడూ?" అని అడిగాను. నెట్‌లో నేర్చుకున్న ప్రశ్నల్లో అది మొదటిది.

"మగ్గం తొక్కాలన్నా కాళ్లే, సైకిలు తొక్కాలన్నా కాళ్లే అన్నా. రెండిటికీ మోకాళ్లు చాలడం లేదు. కూడు పెట్టేది మగ్గం కదా."

"ఎప్పుడైనా కింద పడిందా?"

"నేను పడినా గానీ, దాన్ని పడనీలేదన్నా" అని నవ్వాడు.

నవ్వుతూ చెప్పేవాణ్ణి నమ్మొద్దని కూడా నెట్‌లో ఎవడో రాశాడు. అది గుర్తు పెట్టుకుని ఆదివారం ప్యాసింజర్ ఎక్కాను. సంచిలో టార్చి, భూతద్దం, కాస్త దూది, జేబులో రూపాయి బిళ్ల.

ఇంట్లో అడుగు పెడితే ముందు గదంతా మగ్గమే. దాని పైన కొక్కేనికి, పాత చీర ముక్కలో చుట్టి ఫ్రేము వేలాడుతోంది. చంటిబిడ్డ ఉయ్యాలను విప్పినంత పదిలంగా విప్పి, వెలుతురు కోసం వీధిలోకి తెచ్చి చాప మీద పెట్టాడు. నేను కూర్చుని మొదలుపెట్టాను. వెనక చక్రం బిగించే ఒక కొస నుంచి ముందు గొట్టం చుట్టూ తిప్పి రెండో కొసకు దారం లాగి, మధ్య గొట్టానికి రెండు వైపులా దూరం సమానంగా ఉందేమో చూడాలి. దారం తేవడం మరిచాను. అతని భార్య లోపలి నుంచి పట్టు పోగు తెచ్చిచ్చింది. "తెగదన్నా, గట్టిగా లాగు" అన్నది. లాగాను. రెండు వైపులా సమానమే, ఫ్రేములో వంకర లేదు. దూదితో గొట్టాలన్నీ తుడిచాను. పగులుంటే పీచు తగులుకుంటుంది. ఎక్కడా తగులుకోలేదు.

అప్పటికి వీధి వీధంతా చేరింది. మగ్గాలు ఆపి మరీ వచ్చారు. "డాక్టర్ మాదిరి చూస్తాండాడే" అని ఎవరో అన్నారు. ఆ మాట నాకు ఎంత బాగుందో చెప్పలేను. టార్చి అక్కర్లేని చోట కూడా వేసి చూశాను. అదే సమయానికి ఆ నేతగాడి షావుకారు అటుగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. షావుకారు అంటే పట్టూ జరీ ఇచ్చి నేయించుకునే మనిషి. నేసేవాడికి సొంత పట్టు ఉండదు. అంత విలువైన సరుకును ఒకరింట్లో పెట్టి పోవాలంటే ఆ ఇంటి మీద నమ్మకముండాలి. మాట పోయిన ఇంటికి పట్టు రాదు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు.

చివరి పరీక్ష బిళ్లతో కొట్టి వినడం. బాగున్న చోట కంగుమంటుంది, పొరలు విడిన చోట మొద్దుగా పలుకుతుంది. పై గొట్టం కంగుమంది. వెనక గొట్టాలు కంగుమన్నాయి. కింది గొట్టం మీద కొట్టుకుంటూ వచ్చి, పెడల్ ఇరుసు దగ్గరికి చేరగానే దబ్బుమంది. మళ్లీ కొట్టాను. దబ్బు. భూతద్దం పెడితే అక్కడే రంగులో వెంట్రుకంత గీత. మెడలు విరిగినవాళ్లందరూ కళ్ల ముందు తిరిగారు.

"ఏమప్పా, బాగుండాదా మాలు?" అన్నాడు షావుకారు అరుగు మీద నుంచి.

ఇక్కడ నేను, 'ఇంట్లో అడిగి చెప్తా' అని లేచి ఉండొచ్చు. నేతగాణ్ణి లోపలికి పిలిచి చెవిలో చెప్పి ఉండొచ్చు. దళారి కొడుకును, ఇరవై ఏళ్లు తువ్వాల నీడలో తిన్నవాణ్ణి. కానీ డాక్టర్ అనిపించుకున్న నోరు ఆగలేదు.

"యాడ బాగు? ఇది పగిలిండాది. లోపలంతా పోయింది. దీని మీద ఎక్కినోడు మెడ విరగ్గొట్టుకుంటాడు" అన్నాను.

నేతగాడు అరుగు వైపు రెండడుగులు వేశాడు. "నాకు తెలీదన్నా. మొన్న మొన్నటి దాకా నేనే తొక్కినా" అన్నాడు, నాతో కాదు, షావుకారుతో.

"తొక్కినోనికి తెలీకుండా ఉంటాదా?" అని షావుకారు లేచి దుమ్ము దులుపుకున్నాడు.

నాకు అప్పుడైనా తెలిసి రావాలి. రాలేదు. గీతను కెమెరాతో ఫోటో తీసుకుని, టీ తాగమన్నా ఆగకుండా స్టేషనుకు పోయాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఎంత చదువు చదివితే నా మెడ నాకు దక్కిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. పెనుకొండ వచ్చింది. నాయన దగ్గర దిగుదామా అనుకుని, ఎందుకో దిగలేదు.

ఫోటోను వెబ్‌సైటులో పెట్టాను, నలుగురూ మెచ్చుకుంటారని. కొన్నాళ్లకు ఫ్రేములు బాగుచేసే ఒక పెద్దాయన జవాబు రాశాడు. ఆ రకం ఫ్రేములన్నిటికీ ఇరుసు దగ్గర లోపల అల్యూమినియం గొట్టం అతికించి ఉంటుందట. అందుకే అక్కడ మొద్దుగా పలుకుతుంది, కొత్తదైనా సరే. గీత పైరంగుది మాత్రమే. 'నిశ్చింతగా కొనండి' అని ముగించాడు.

దాన్ని చదవగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. పగిలిందని పేరు పడింది కాబట్టి ఇప్పుడు ఇంకా చవగ్గా వస్తుంది, అనుకున్నాను. ఆ ఆలోచన ఒక్క క్షణమే ఉంది గానీ, ఉంది. దాని వెనకే షావుకారు దుమ్ము దులుపుకోవడం గుర్తొచ్చింది. ఆ పూట అన్నం సయించలేదు. మా ఆవిడ "ఏమైంది, పెండ్లి చెడిందా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

నోరు పారేసుకున్నోడే కొనాల. మర్నాడే బయలుదేరాను. అతను చెప్పిన ధరకు, వీధి మొత్తం చూస్తుండగా, దాన్ని భుజాన వేసుకుని తీసుకుపోవాలి. రైల్లో దారి పొడవునా అదే అనుకుంటూ పోయాను. పొరపాటు నాదేనని గట్టిగా చెప్పాలి, మొన్న ఎంత గట్టిగా చెప్పానో అంత గట్టిగా.

వీధి మొదట్లో దోవ మరిచి టీ అంగట్లో అడిగాను. "యా ఇల్లు? ఆ పగిలిన సైకిలోనిదా?" అన్నాడు అంగడాయన. కొన్నాళ్లకే పేరు పెట్టేశారు.

అతను మగ్గం మీద లేడు. మగ్గం మీద పట్టు పడుగు కూడా లేదు. కొక్కేనికి పాత చీర ముక్క మాత్రం వేలాడుతోంది. నన్ను చూసి లేచి, "రా అన్నా, కూర్చో" అన్నాడు. భార్య నన్ను చూసి లోపలికి పోయింది.

"ఫ్రేము యాడ తమ్ముడూ? నేను కొంటా. నువ్వు చెప్పిన ధరకే."

"కోసేసినా అన్నా."

మూల నుంచి రెండు ముక్కలు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను పోయిన మర్నాడు షావుకారు మనిషిని పంపి, 'పగిలిందాన్ని అమ్మజూస్తివంట, నిజమేనా?' అని అడిగించాడట. ఇతను ఇంకేమీ మాట్లాడకుండా రంపం తెచ్చి, వీధిలో అందరి ముందు, సరిగ్గా నేను బిళ్లతో కొట్టి, ఫోటో తీసిన చోటే కోశాడు. చెడ్డ మాలును నేను ఎవరికీ అంటగట్టను, చూడండి, అని.

ముక్కను చేతిలోకి తీసుకున్నాను. కోసిన చోట నల్లటి పొరలు ఒకదానికొకటి కరుచుకుని, సందు లేకుండా ఉన్నాయి. వాటి లోపల అల్యూమినియం గొట్టం తళతళలాడుతోంది. పెద్దాయన రాసింది అక్షరాలా నిజం.

"తమ్ముడూ, ఇది..."

"తెలుసన్నా. కోస్తాంటేనే తెలిసింది. రంపం దిగలా. పగిలింది అట్ల ఉండదు."

"మరి ఆపలేదెందుకు?"

"సగంలో ఆపి, బాగుండాదని చెప్తే ఎవరు నమ్ముతారన్నా? కొయ్యడానికి మనసు రాక నాటకమాడతాండాడు అంటారు." రెండో ముక్కను మళ్లీ మూలన పెట్టి అన్నాడు: "పోనీలే. నువ్వు మంచికే చెప్పినావు. నిజంగా పగిలింటే ఒకడు సచ్చిండేవాడు కదా."

తిట్టి ఉంటే బాగుండేది. రెండు కొట్టినా తిని వచ్చేవాణ్ణి. ఆ మంచితనాన్ని మోయడం నా వల్ల కాలేదు. అతని చెయ్యి పట్టుకుని, "పద, షావుకారు దగ్గరికి పోదాం. నేనే చెప్తా" అన్నాను. వద్దన్నాడు. వినలేదు.

షావుకారు నేను చెప్పిందంతా విన్నాడు. లోపలి గొట్టం సంగతి, గీత సంగతి, నాకు తెలియక అన్నానన్న సంగతి, అన్నీ చెప్పాను. ముక్క చూపించాను. అతను ముక్కను తాకలేదు. నవ్వి, "మంచోనివప్పా. వాని కోసరం ఇంత దూరం వచ్చినావు. అయినా ఆ పొద్దు నువ్వు ఊరికే అనింటావా? నిప్పు లేందే పొగ రాదులే" అన్నాడు. పట్టు సంగతి అడిగితే, వచ్చే నెల చూద్దామన్నాడు.

నా అబద్ధాన్ని అంత తేలిగ్గా నమ్మిన మనుషులు నా నిజాన్ని మర్యాద కింద జమ కట్టేశారు. బయటికి వచ్చాక నేతగాడే నాకు టీ ఇప్పించాడు, ఆ టీ అంగట్లోనే. అంగడాయన అతని వైపు చూసి నావైపు చూశాడు. వచ్చేటప్పుడు ఒక ముక్క అడిగి తెచ్చుకున్నాను. "కోసిందాన్ని ఏం జేసుకుంటావన్నా?" అని నవ్వి, ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తిరుగు రైల్లో పెనుకొండలో దిగిపోయాను. నాయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. సంత నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, కాళ్ల దుమ్ము కూడా కడుక్కోలేదు. నేను సైకిలు బేరంలో తిరుగుతున్నానని ఆయనకు తెలుసు. నా చేతిలో ముక్కను చూశాడు. "ఏమబ్బా, బేరం కుదిరిందా?" అని, పరాచికానికి భుజం మీది తువ్వాల తీసి చేతి మీద కప్పుకుని, నావైపు చాచాడు.

ఆయన పక్కన కూర్చున్నాను. తువ్వాల కింద ఆయన అరచేతిలో నా చెయ్యి పెట్టి, నా చిటికెన వేలు నేనే మడిచాను.

నాయన నవ్వు ఆగింది. లోపం ఎక్కడని అడగలేదు. మడిచిన వేలిని వదలకుండా, ధర్మవరంలో ఎవరి ముందు ఏమన్నానో అంతా నాచేత చెప్పించుకున్నాడు.

"ఈ వేలు ఆ పొద్దు, ఆడ మడిచింటే సరిపోయేది కదబ్బా" అన్నాడు. తువ్వాల మాత్రం తీయలేదు.